స్టోర్నెస్: ఎవరూ నివసించని ద్వీపకల్పానికి అంచులు ఎక్కడ?

2024 మే నెలలో అంటార్కిటిక్ ఒప్పంద దేశాల 46వ సంప్రదింపుల సమావేశం కొచ్చిలో జరిగినప్పుడు, పాతబడిన మైత్రి స్థావరం స్థానంలో మైత్రి-2 నిర్మించాలన్న ఆలోచనను భారతదేశం సభ్యదేశాల ముందుంచింది. ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ కొన్ని సందేహాలు తలెత్తుతాయి. అక్కడి నేల ఎవరిది? ఒక దేశం ఎక్కడ కట్టుకోవచ్చో, ఎక్కడ కట్టుకోకూడదో ఎవరు నిర్ణయిస్తారు? అక్కడి ఖనిజాలను 2048 తర్వాత తవ్వుకోవచ్చని వినిపించే మాట నిజమేనా? ఖండం మొత్తాన్ని ముందు పెట్టుకొని వీటికి జవాబు చెప్పబోతే ఏదీ చేతికి చిక్కదు. అందువల్ల ఈ వ్యాసం ఒక్క చోటునే తీసుకుంటుంది. అది మన మూడో స్థావరమైన భారతికి పక్కనే, ఒక సన్నని సముద్రపు పాయకు (ఫ్యోర్డ్‌కు) అవతల ఉన్న స్టోర్నెస్ ద్వీపకల్పం. అక్కడ స్థావరం లేదు, ఊరు లేదు, చలికాలం గడిపే మనిషి లేడు. పరిమాణంలో చిన్నదే అయినా, దాని హద్దు ఏదని అడిగితే భూగోళ శాస్త్రం ఒకటి, భూగర్భ శాస్త్రం మరొకటి, చట్టం ఇంకొకటి చెబుతాయి. చిక్కు అక్కడే ఉంది.

పటంలో దాని చోటు

తూర్పు అంటార్కిటికాలో ప్రిడ్జ్ బే అనే పెద్ద అఖాతం ఉంది. దాని ఆగ్నేయపు ఒడ్డును ఇంగ్రిడ్ క్రిస్టెన్సెన్ తీరం అంటారు. ఆ తీరం వెంట మంచు లేకుండా బయటపడిన సుమారు 40 చదరపు కిలోమీటర్ల రాతినేల, దాని ముందు చెదిరి ఉన్న చిన్న దీవులు కలిపి లార్స్‌మన్ హిల్స్. పేరుకు కొండలే గాని 180 మీటర్లకు మించిన ఎత్తు ఎక్కడా లేదు. నార్వేకు చెందిన కెప్టెన్ క్లారియస్ మికెల్సెన్ 1935 ఫిబ్రవరిలో వీటిని మొదట చూశాడు. ఆ తర్వాత 1936-37లో లార్స్ క్రిస్టెన్సెన్ యాత్ర విమానం నుంచి తీసిన ఫొటోల ఆధారంగా పటాలు గీశారు. ఇక్కడ నార్వే పేర్లు ఎక్కువగా కనిపించడానికి కారణం అదే.

ఈ రాతినేల సముద్రంలోకి కొన్ని వేళ్లుగా చొచ్చుకొని ఉంటుంది. వాటిలో పెద్దవి రెండు: పడమట స్టోర్నెస్, తూర్పున బ్రోక్నెస్. ఈ రెంటి నడుమ గ్రోవ్నెస్ అనే చిన్న ముందుకుపొడుచుకొచ్చిన నేల మీద 2012లో ప్రారంభమైన భారతి స్థావరం ఉంది. దానికీ స్టోర్నెస్‌కూ మధ్య థాలా ఫ్యోర్డ్ ఉంది. ఫ్యోర్డ్ అంటే ఒకప్పుడు హిమానీనదం తొలిచిన లోతైన లోయలోకి సముద్రం ప్రవేశించడం వల్ల ఏర్పడిన సన్నని పాయ.

ఈ రెండు చోట్ల దూరాన్ని లెక్కగట్టడం ఒక చిన్న పాఠం. స్టోర్నెస్ నడిబొడ్డు సుమారుగా 76 డిగ్రీల 6 నిమిషాల తూర్పు రేఖాంశం మీద, భారతి దాదాపు 76 డిగ్రీల 12 నిమిషాల మీద ఉన్నాయి. తేడా ఆరు నిమిషాలు, అంటే డిగ్రీలో పదోవంతు. భూమధ్యరేఖ దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం 111 కిలోమీటర్లు కాబట్టి అక్కడైతే ఈ తేడా 11 కిలోమీటర్లు అయ్యేది. కానీ రేఖాంశాలన్నీ ధ్రువం వైపు పోతూ దగ్గరవుతాయి. 69 డిగ్రీల దక్షిణ అక్షాంశం దాటిన ఈ చోట ఒక డిగ్రీ దాదాపు 39 కిలోమీటర్లే. కాబట్టి అసలు దూరం నాలుగు కిలోమీటర్ల లోపు. ధ్రువ ప్రాంతాన్ని సాగదీసి చూపే గోడపటాలు ఈ సామీప్యాన్ని కళ్లకు కట్టలేవు.

మంచు ఖండంలో తీరం అంటే ఏమిటి?

మూడు వైపుల నీరు, ఒక వైపు నేల ఉంటే ద్వీపకల్పమని బడిలో చదువుకున్నాం. ఈ నిర్వచనం దక్కనుకు చక్కగా సరిపోతుంది. అంటార్కిటికాలో నాలుగో వైపున ఉండేది నేల కాదు, మంచు. కొన్నిచోట్ల మిగతా మూడు వైపుల కూడా నీటికి ముందు మంచే ఎదురవుతుంది.

ఆ ఖండపు తీరాన్ని నాలుగు రకాలుగా చూస్తారు. ఖండం నుంచి జారివచ్చిన మంచు నేలను వదిలి సముద్రం మీద తేలుతూ ఉంటే అది తేలే మంచు పలక. తీరంలో దాదాపు 44 శాతం అలాంటిది. మంచు ఇంకా నేలకు ఆనుకొనే గోడలా నిలిచి సముద్రాన్ని తాకితే మంచుగోడ. అది 38 శాతం దాకా ఉంటుంది. వేగంగా ప్రవహించే హిమానీనదాలు నేరుగా సముద్రంలో కలిసే భాగం 13 శాతం. మిగిలిన 5 శాతం మాత్రమే మన కంటికి అలవాటైన తీరం, అంటే అలలు రాతిని తాకే చోటు. స్టోర్నెస్ తీరం ఈ చివరి రకానికి చెందుతుంది. మంచు లేని నేల మొత్తం ఖండంలో అర శాతం కంటే తక్కువ కాబట్టి, ఇలాంటి రాతి ద్వీపకల్పం అక్కడ మామూలు దృశ్యం కాదు.

అసలు చిక్కు ద్వీపకల్పపు మెడ దగ్గర వస్తుంది. స్టోర్నెస్ రాయి దక్షిణాన హిమఫలకం కిందికి, అంటే ఖండమంతా కప్పిన మందపాటి మంచు కిందికి వెళ్లిపోతుంది. కంటికి కనిపించే హద్దు ఆ మంచు అంచు. అయితే మంచు ముందుకు వస్తే నేల తగ్గుతుంది, వెనక్కి జరిగితే నేల పెరుగుతుంది. మంచు కింద రాయి సముద్రమట్టానికి పైనే కొనసాగుతోందా, మధ్యలో ఎక్కడైనా దిగువకు పోయిందా అన్నది పైనుంచి చూసి చెప్పలేని విషయం.

ఇది ఊహకు మాత్రమే పరిమితమైన సందేహం కాదు. 1821లో బెల్లింగ్స్‌హౌసెన్ నౌకాయాత్ర చూసిన అలెగ్జాండర్ ల్యాండ్‌ను 1940 దాకా ప్రధాన భూభాగంలో భాగమనే అనుకున్నారు. నడుమ ఉన్న జలసంధిని మంచు కప్పి ఉండడంతో అది దీవి అని తెలియలేదు. థర్‌స్టన్ దీవి పటాల్లో మొదట థర్‌స్టన్ ద్వీపకల్పంగానే ఉండేది. 1960లో గాని అది దీవి అని తేలలేదు. కాబట్టి అంటార్కిటికాలో 'ద్వీపకల్పం' అన్న మాటను రెండు అర్థాల్లో వాడవలసి వస్తుంది. కనిపించే ఆకారం ప్రకారం ఒకటి, మంచు కింది రాతి ఆకారం ప్రకారం మరొకటి. పటాలు మొదటి అర్థాన్నే పాటిస్తాయి. ఆచరణలో అదే సబబు కూడా, ఎందుకంటే నడిచేవాడికైనా, గూడు కట్టే పక్షికైనా ఎదురయ్యేది కనిపించే నేలే.

ఇక్కడ మంచు ఎందుకు నిలవలేదు?

చుట్టూ అంత మంచు ఉండగా ఈ చోటు బయటపడి ఉండడానికి కారణాలు కొన్ని కలిసివచ్చాయి. లోపలి నుంచి వచ్చే మంచులో పెద్ద భాగం ఈ కొండల మీదుగా కాకుండా తూర్పున ఉన్న డాల్క్ హిమానీనదం వంటి దారుల గుండా సముద్రంలోకి పోతుంది. హిమపాతం తక్కువ, కరిగించి కొలిస్తే ఏడాదికి 250 మిల్లీమీటర్లకు మించదని అంచనా. హిమఫలకం వాలు మీంచి బరువుగా జారివచ్చే పొడి చలిగాలి పడిన మంచును చాలావరకు ఊడ్చేస్తుంది. ఒకసారి నల్లని రాయి బయటపడ్డాక వేసవి ఎండకు అదే వేడెక్కి, చుట్టూ ఉన్న మంచును మరింత కరిగిస్తుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు పగటి ఉష్ణోగ్రత తరచు 4 డిగ్రీలు దాటుతుంది, అప్పుడప్పుడు 10 దగ్గరికి కూడా వెళుతుంది. చలికాలంలో నెలసరి సగటు సున్నాకు దిగువన 15 నుంచి 18 డిగ్రీల మధ్య ఉంటుంది. లార్స్‌మన్ హిల్స్ మొత్తం మీద 150కి పైగా సరస్సులు ఉండడానికి ఈ వేసవి కరుగుదలే మూలం.

ఈ లక్షణాలు రెండు ద్వీపకల్పాల మీద సమానంగా లేవు. బ్రోక్నెస్ మీద కంటే స్టోర్నెస్ మీద మంచు ఎక్కువ మందంగా, ఎక్కువ కాలం నిలుస్తుంది. స్థావరాలు బ్రోక్నెస్ వైపు చేరడానికి ఇదొక్కటే కారణమని అనలేం గాని, నడకకు, వాహనాలకు ఏది వీలుగా ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

ఎప్పటినుంచి మంచు లేదన్న ప్రశ్న మరింత లోతైనది. గత హిమయుగం దాదాపు 20,000 ఏళ్ల కిందట ఉచ్చస్థితిలో ఉన్నప్పుడు ఈ కొండలన్నీ మంచు కింద మునిగాయన్నది సహజంగా తోచే ఊహ. అయితే బ్రోక్నెస్ మీది కొన్ని సరస్సుల అడుగున అంతకంటే పాతవైన అవక్షేపాలు, అంటే పేరుకున్న మట్టిపొరలు, దొరికాయి. ఒక సరస్సు మీదుగా హిమఫలకం పాకిపోయి ఉంటే అడుగు మట్టిని గీకి పారేసేది. కాబట్టి అక్కడ కొంత నేలైనా ఆ కాలంలో మంచు బారిన పడలేదన్న వాదనకు బలం ఉంది. ఎదుటి వాదన కూడా తేలిగ్గా కొట్టిపారేయదగినది కాదు: కింది నేలకు గడ్డకట్టుకుపోయిన మంచు కదలకుండా అలాగే నిలిచి ఉంటే, కింది మట్టిని చెరపకుండా కాపాడనూ గలదు. పైగా ఒక సరస్సు చెప్పే సాక్ష్యం ఆ లోయకే వర్తిస్తుంది. ఫ్యోర్డ్ దాటి స్టోర్నెస్‌కు దాన్ని యథాతథంగా అన్వయించడం సరికాదు.

55 మీటర్ల ఎత్తున ఒకప్పటి సముద్రపు అడుగు

స్టోర్నెస్ ఈశాన్య భాగంలో, సముద్రమట్టానికి సుమారు 55 మీటర్ల ఎత్తున, సముద్రజీవుల శిలాజాలున్న పలుచని అవక్షేపం ఒకటి మిగిలింది. దాని వయసు 38 లక్షల నుంచి 45 లక్షల ఏళ్ల మధ్య, అంటే ప్లయోసీన్ యుగం. అప్పట్లో భూమి ఇప్పటికంటే వెచ్చగా ఉండేది. వాతావరణ మార్పు గురించి అధ్యయనం చేసేవారికి ఆ యుగమంటే ఎంతో ఆసక్తి. తూర్పు అంటార్కిటికాలో ఆ కాలపు సముద్ర శిలాజాలు దొరికే చోట్లు చాలా తక్కువ కాబట్టి ఈ చిన్న మట్టిపొర నిజంగా అపురూపం.

దీన్ని చూసి, అప్పట్లో సముద్రం నేటికంటే 55 మీటర్లు ఎత్తున ఉండేదని అనుకోవడం పొరపాటు. లెక్క వేసి చూద్దాం. అంటార్కిటికా మంచంతా కరిగితే ప్రపంచ సముద్రమట్టం దాదాపు 58 మీటర్లు పెరుగుతుంది. గ్రీన్‌ల్యాండ్ మంచు దానికి మరో 7 మీటర్లు కలుపుతుంది. అంటే ఒక్క నీటి పెరుగుదలతోనే 55 మీటర్లు రావాలంటే భూమ్మీది మంచులో అత్యధిక భాగం పోయి ఉండాలి. ప్లయోసీన్‌లో అంత జరిగిందని సాధారణంగా ఎవరూ అనరు. కాబట్టి నీరు కొంత పెరిగి ఉండాలి, నేల కూడా కొంత లేచి ఉండాలి. మంచు బరువు తగ్గినప్పుడు నేల నెమ్మదిగా పైకి లేస్తుంది. భూపటలంలోని ఇతర కదలికలూ దాన్ని లేపగలవు. ఇందులో ఏ వంతు ఎంత అన్నది తేల్చడం కష్టం. ఒకప్పటి మంచు ఎంత తగ్గిందో తెలియజెప్పే ఆనవాలుగా ఈ పొరను వాడుకోవాలంటే ముందు ఆ వంతులు విడదీయాలి.

రాళ్లలో చేరిన బోరాన్, భాస్వరం

స్టోర్నెస్‌కు శాస్త్రలోకంలో పేరు తెచ్చినవి దాని రాళ్లు. ఒకప్పుడు సముద్రపు అడుగున పేరుకున్న మట్టి, ఇసుక భూమిలోకి సుమారు 20 కిలోమీటర్ల లోతుకు దిగి, 800 డిగ్రీల చుట్టుపక్కల వేడికి ఉడికి రూపాంతర శిలలుగా మారాయి. అంత వేడిలో బోరాన్ సాధారణంగా రాతిలో నిలవదు. కరిగిన ద్రవంతో కలిసి తప్పించుకుపోతుంది. ఇక్కడ అది నిలిచింది. ప్రిస్మటీన్, నీలి ఆకుపచ్చ రంగుల గ్రాండిడియరైట్ వంటి బోరాన్ ఖనిజాలు ప్రపంచంలో మరెక్కడా అరుదుగా తప్ప కనిపించనంత సమృద్ధిగా ఇక్కడున్నాయి. భాస్వరం చేరిన వాగ్నరైట్ కూడా అలాంటిదే. శాస్త్రానికి అంతవరకు తెలియని నాలుగు ఖనిజాలు బోరాల్సిలైట్, స్టోర్నెసైట్, షోపినైట్, టాసీయైట్ ఈ రాళ్ల వల్లనే వెలుగులోకి వచ్చాయి. వాటిలో ఒకటి ఈ ద్వీపకల్పం పేరే పెట్టుకుంది.

బోరాన్ అంతగా ఎలా చేరిందన్నదానికి ఒక వివరణ ఉంది: రూపాంతరం చెందకముందే, సముద్రపు అడుగున వేడినీటి ఊటలు ఆ మట్టిని బోరాన్‌తో నింపాయని. ఆ వివరణ సరైనదైతే ఈ రాళ్లు రెండు కథలు దాచుకున్నట్లు. మొదటిది పాత సముద్రానిది, రెండోది లోతుల్లోని వేడిది. 'ఖనిజ సంపద' అన్న మాట వినగానే మనసు గనుల వైపు పోతుంది. ఇక్కడ అలా పోవలసిన పని లేదు. ఇవి సన్నని ఈనెలుగా, కొద్ది మీటర్ల మేర మాత్రమే కనిపించే రాళ్లు. తవ్వి అమ్ముకునే ధాతువులు కావు. సుత్తి పట్టిన నలుగురు మనుషులు జ్ఞాపకానికి తలా కొన్ని ముక్కలు తీసుకుపోతే కొన్ని చోట్ల ఇక మిగిలేది ఏమీ ఉండదు. అందుకే నాకు ఈ రాళ్ల విషయంలో రక్షణ అన్న మాట అతిగా అనిపించదు.

తూర్పు కనుమలతో చుట్టరికం: ఒప్పుకున్నది, ఒప్పుకోనిది

విశాఖపట్నం చుట్టుపక్కల కొండల్లో కనిపించే ఖొండలైటు కూడా పాత మట్టి లోతుల్లో ఉడికి మారిన రాయే; దానిలో గార్నెట్, సిలిమనైట్ ఖనిజాలు ఉంటాయి. లార్స్‌మన్ హిల్స్ రాళ్లలోనూ అవి కనిపిస్తాయి. ఇది యాదృచ్ఛికం కాదు. తూర్పు కనుమలు, తూర్పు అంటార్కిటికాలోని రేనర్ ప్రాంతం సుమారు 100 కోట్ల నుంచి 90 కోట్ల ఏళ్ల కిందట ఒకే పర్వత నిర్మాణంలో భాగాలన్న విషయంలో భూగర్భ శాస్త్రవేత్తల్లో విస్తృతమైన అంగీకారం ఉంది. ప్రిడ్జ్ బేకు నైరుతిన ఉన్న ప్రిన్స్ చార్లెస్ పర్వతాల్లో పెర్మియన్ కాలపు (సుమారు 30 కోట్ల నుంచి 25 కోట్ల ఏళ్ల కిందటి) బొగ్గు ఉంది. గోదావరి లోయలోని సింగరేణి బొగ్గు కూడా ఆ కాలానిదే. భారత్ తన మూడో స్థావరానికి ఈ తీరాన్ని ఎంచుకోవడంలో ఈ గోండ్వానా బంధం, అంటే ఒకప్పుడు రెండూ ఒకే మహాఖండంలో కలిసి ఉండడం, ఒక ముఖ్య కారణం.

విడిపోయింది సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట. విశాఖపట్నం నుంచి స్టోర్నెస్‌కు ఇప్పుడు అక్షాంశాల తేడా దాదాపు 87 డిగ్రీలు, అంటే సుమారు 9,700 కిలోమీటర్లు. ఆ దూరాన్ని ఆ కాలంతో భాగిస్తే ఏడాదికి ఏడున్నర సెంటీమీటర్లు వస్తుంది. ఇది సగటు మాత్రమే; భారత ఫలకం కొంతకాలం దీనికి రెట్టింపు కంటే వేగంగా, కొంతకాలం చాలా నెమ్మదిగా కదిలింది.

ఒప్పుకోనిది మరో విషయం. స్టోర్నెస్ రాళ్లు సుమారు 53 కోట్ల ఏళ్ల కిందట మళ్లీ తీవ్రంగా వేడెక్కాయి. ఒక పక్షం దృష్టిలో ఇది రెండు ఖండ శకలాలు ఢీకొని గోండ్వానాగా అతుక్కున్న కుట్టు. ప్రిడ్జ్ బే గుండా పోయే ఆ కుట్టుకు ఒక పక్క భారత్‌తో కలిసిన నేల, మరో పక్క మిగతా తూర్పు అంటార్కిటికా ఉంటాయి. మరో పక్షం దృష్టిలో అప్పటికే ఒకటిగా ఉన్న ఖండం లోపల, దూరాన జరిగిన ఒత్తిళ్ల వల్ల పాత రాయి తిరిగి ఉడికింది. అక్కడ కుట్టేమీ లేదు. కుట్టు ఉంటే మధ్యలో అంతరించిన సముద్రపు అడుగు ముక్కలు దొరకాలని రెండో పక్షం అంటుంది. అలాంటి ఆధారాలు హిమఫలకం కిందే ఉండవచ్చని మొదటి పక్షం బదులిస్తుంది. రెండు వాదనల్లోనూ రేనర్, తూర్పు కనుమల బంధానికి భంగం లేదు. మన చుట్టాలు ఎవరన్నది తెలుసు. ఆ చుట్టరికం ఎంత దూరం వరకు పోతుందన్నదే వివాదం.

ఎవరూ లేకపోవడం ఎవరి నిర్ణయం?

ఈ కొండల్లో స్టోర్నెస్ మినహా మిగతా చోట్ల మనుషులు లేకపోలేదు. బ్రోక్నెస్ మీద చైనా వారి ఝోంగ్‌షాన్, రష్యా వారి ప్రోగ్రెస్, 1987లో ఆస్ట్రేలియా నెలకొల్పగా తర్వాత రొమేనియాతో కలిసి వాడుతున్న లా-రాకోవిట్సా స్థావరాలు ఉన్నాయి. వాటి నడుమ వాహనాల దారులు పడ్డాయి. గ్రోవ్నెస్ మీద భారతి ఉంది. ధ్రువాల మీదుగా తిరిగే భూపరిశీలన ఉపగ్రహాలు తమ చుట్లలో ఎక్కువసార్లు ఈ అక్షాంశాల మీదుగా పోతాయి కాబట్టి, అక్కడి యాంటెన్నా అందుకున్న సమాచారం హైదరాబాదు దగ్గరి షాద్‌నగర్‌లోని జాతీయ దూరసంవేదన కేంద్రానికి చేరుతుంది.

2007లో న్యూఢిల్లీలో జరిగిన ఒప్పంద దేశాల సమావేశం లార్స్‌మన్ హిల్స్ మొత్తాన్ని 'ప్రత్యేక నిర్వహణ ప్రాంతం'గా ప్రకటించింది. అంటే అక్కడ పనిచేసే దేశాలు ఒకరి పనికి మరొకరు అడ్డు రాకుండా ఉమ్మడి నియమాలు పాటించాలి. ప్రవేశానికి మాత్రం ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. 2014లో బ్రెజిల్ రాజధాని బ్రెజీలియాలో జరిగిన సమావేశం స్టోర్నెస్‌లో దాదాపు మొత్తాన్ని, సుమారు 21 చదరపు కిలోమీటర్ల మేర, 174వ 'ప్రత్యేక రక్షిత ప్రాంతం'గా ఇంకొక మెట్టు పైకి చేర్చింది. ఇక్కడ అడుగు పెట్టాలంటే అనుమతిపత్రం తప్పనిసరి.

ఈ పద్ధతి మీద అభ్యంతరాలు ఉన్నాయి. ఒక చోటును మూసేస్తే మనుషుల తాకిడి పక్కనున్న బ్రోక్నెస్, గ్రోవ్నెస్ మీద మరింత పడుతుందని కొందరంటారు. రక్షణ పేరుతో ముందు వచ్చిన దేశాలు తర్వాత వచ్చేవారికి తలుపు మూస్తున్నాయన్న అనుమానం ఇంకొందరిది. దీనికి ఎదురుగా ఉన్న వాదన ఏమిటంటే, ఒకే రకపు రాతినేలలో ఒక భాగం వాడుకలో, మరో భాగం వాడుక లేకుండా ఉంటేనే స్థావరాల వల్ల నేలకు ఏం జరిగిందో పోల్చి చూడగలం. ఈ చివరి వాదన నాకు బలమైనదిగా తోస్తుంది. అయితే బ్రోక్నెస్ మీద పడే భారం గురించిన ఆందోళనకు అది జవాబు కాదన్నదీ నిజం.

హక్కు, అనుమతి, 2048

ఆస్ట్రేలియా తనదని చెప్పుకునే భాగంలోనే ఈ తీరం ఉంది. ఆ వాదనను గుర్తించే దేశాలు కొన్నే. భారత్ వాటిలో లేదు. 1959 డిసెంబరు 1న సంతకాలై 1961లో అమల్లోకి వచ్చిన అంటార్కిటిక్ ఒప్పందపు నాలుగో అధికరణం ఇలాంటి వాదనలను ఒప్పుకోనూ లేదు, కొట్టివేయనూ లేదు. ఉన్నచోట ఉన్నట్లు నిలిపివేసింది. 1983లో భారత్ ఆ ఒప్పందంలో చేరింది.

గనుల తవ్వకాన్ని నిషేధించింది, పర్యావరణ రక్షణ కోసం ఆ ఒప్పందానికి చేర్చిన 1991 నాటి మాడ్రిడ్ ప్రోటోకాల్. అది 1998లో అమల్లోకి వచ్చింది. 50 ఏళ్ల తర్వాత ఏ సంప్రదింపుల దేశమైనా, అంటే ఒప్పంద సమావేశాల్లో నిర్ణయాధికారం ఉన్న ఏ దేశమైనా, సమీక్షా సమావేశం కోరవచ్చని అందులో ఉంది. 1998కి 50 కలిపితే 2048. కాలం తీరేది ప్రోటోకాల్‌కు కాదు, నిషేధానికీ కాదు. సమీక్ష కోరే అవకాశం అప్పుడు వస్తుంది, అంతే. సమీక్షలో మార్పు ఆమోదం పొందినా, 1991లో సంప్రదింపుల హోదా ఉన్న 26 దేశాలూ ఒక్కటి తగ్గకుండా దాన్ని ధ్రువీకరిస్తే గాని అమల్లోకి రాదు. ఆ 26లో భారత్ ఒకటి. నిషేధం స్థానంలో ఖనిజాల విషయమై కట్టుబాటుగల మరో చట్టవ్యవస్థ కూడా ఉండాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. భారతిలో ఉన్న భారతీయ భూగర్భ శాస్త్రవేత్త థాలా ఫ్యోర్డ్ దాటి స్టోర్నెస్‌లో ఒక గ్రాండిడియరైట్ ముక్కను పరిశోధనకు తీసుకోవాలనుకుంటే, భారత అంటార్కిటిక్ చట్టం, 2022 ప్రకారం మన దేశపు అధికార సంస్థ ఇచ్చే అనుమతి అవసరం. అదే రాతి దగ్గరికి ప్రోగ్రెస్ నుంచి వచ్చే రష్యా శాస్త్రవేత్తకు రష్యా అనుమతి కావాలి. ఇద్దరిలో ఎవరికీ ఆస్ట్రేలియా వీసా అక్కర్లేదు. ఇద్దరూ పాటించవలసింది మాత్రం ఒకే నిర్వహణ ప్రణాళిక. ఎంత రాయి తీసుకోవచ్చో, ఎలా నడవాలో ఆ ప్రణాళికకు లోబడే అనుమతిపత్రం చెబుతుంది. ప్రతి ఐదేళ్లకోసారి ఆ ప్రణాళికను సమీక్షిస్తారు. హిమఫలకం ముందుకో వెనక్కో జరిగి నేల ఆకారం మారితే, పటం మీది హద్దును సరిచూసుకోవడానికి ఉన్న మార్గం కూడా ఆ సమీక్షే.